తుఫాను రాత్రికి టార్చిలైటు

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి అక్టోబరు రెండో వారం వస్తోందంటేనే ఒక గుబులు. కారణం లేకపోలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలను కుదిపేసింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. భోగాపురం, పూసపాటిరేగ మండలాలను అతలాకుతలం చేసి మన రెండు జిల్లాలనూ చీకట్లో ముంచింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165. మూడూ అక్టోబరు 11, 12 తేదీలే! ఇక 2021లో వచ్చిన గులాబ్ సెప్టెంబరు 26 రాత్రే కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది.

పేర్లు వేరైనా ఒక సంగతి అన్నిటికీ సమానం. గాలి పూర్తిగా రాకముందే కరెంటు పోతుంది, గాలి వెళ్ళిపోయాక కూడా రోజుల తరబడి రాదు. ఇందులో ఎవరినీ తిట్టి లాభం లేదు. కరెంటు అనేది కాలవ నీళ్ళలాంటిది. తల దగ్గర గండి పడితే పొలం దగ్గర ఎంత బాగు చేసినా నీరు రాదు కదా! ముందు సబ్‌స్టేషను, తరువాత 11 కె.వి. లైను, ఆ తరువాత ట్రాన్స్‌ఫార్మరు, చివరికి మన వీధి స్తంభం, మన ఇంటి సర్వీసు తీగ. ఆ వరసలోనే పని జరగాలి. కాబట్టి చివరి ఊరికి, చివరి ఇంటికి వెలుగు చివరనే వస్తుంది. మనలో చాలామందిమి ఆ చివరి ఊళ్ళ వాళ్ళమే.

మరి ఆ లోపల? పూర్వం ప్రతి ఇంట్లోనూ హరికేన్ లాంతరు, కిరసనాయిలు బుడ్డి ఉండేవి. రేషన్ కార్డు మీద కిరసనాయిలు దొరికే రోజులు పోయాయి. లాంతరు అటకెక్కింది. దాని స్థానంలోకి వచ్చింది టార్చిలైటు. ఇవాళ టార్చిలైటు లేని ఇల్లు లేదు. కాని అవసరం వచ్చిన రాత్రి వెలిగే టార్చిలైటు ఉన్న ఇళ్ళు ఎన్ని? ఈ వ్యాసం ఆ తేడా గురించే.

మంచం ముందు నడిచిన వెలుగు

తిత్లీ నాటికి నేను హైస్కూల్లో చదువుతున్నాను. మాది ఉద్దానంలో ఒక ఊరు. కొబ్బరి, జీడి, కొంచెం వరి. తుఫాను దాటిన మర్నాడు రాత్రి మా వీధిలో ఒక అక్కకు నొప్పులు మొదలయ్యాయి. 108 అంబులెన్సు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళోకి వచ్చే దారి నిండా చెట్లు. చివరికి నలుగురు మగవాళ్ళు ఆమెను నులక మంచం మీద పడుకోబెట్టి మోసుకు బయలుదేరారు. పడిపోయిన కొబ్బరి మొద్దులు, జీడి కొమ్మలు, వాటి మధ్య తెగి వేలాడే కరెంటు తీగలు. ఏ తీగలో కరెంటుందో ఏ తీగలో లేదో చీకట్లో ఎవరికి తెలుసు?

మూడు లైట్లు తెచ్చారు. మొదటిది గోడ ప్లగ్గులో పెట్టి చార్జి చేసే లైటు. బాగానే వెలిగింది, ఊరు దాటకముందే ఆరిపోయింది. రెండోది మెరిసిపోతున్న కొత్త టార్చి, బీరువాలో భద్రంగా దాచినది. అసలు వెలగనే లేదు. విప్పి చూస్తే లోపల సెల్లులు కారి స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. మూడోది జీడితోటకు కాపలా ఉండే తాతది, మూడు సెల్లుల పాత స్టీలు టార్చి. అద్దం పగిలింది, మూతకి గుడ్డ పీలిక చుట్టి ఉంది. మెయిన్ రోడ్డు దాకా మంచానికి ముందు నడిచింది ఆ లైటే. తల్లీ బిడ్డా క్షేమం. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది.

తరువాత ఎప్పుడో ఆ తాతని అడిగాను, మీ లైటు ఒక్కటే ఎలా వెలిగిందని. ఆయన నవ్వి, "ఏటి బావూ, దాసుకున్న లైటు ఎలుగుతాదేటి? రోజూ ఏసుకున్నదే ఎలుగుతాది" అన్నాడు.

ఎలుగుబంట్లు తిరిగే తోటలో రాత్రుళ్ళు ఉండేవాడికి టార్చి ప్రాణంతో సమానం. అందుకని దాని సంగతి రోజూ చూసుకుంటాడు. ఆ మాట నాకు అప్పుడు సామెతలాగ వినిపించింది. డిగ్రీలో చేరి ఘటాల పాఠం చదివాక అందులో ఫిజిక్సూ కెమిస్ట్రీ రెండూ ఉన్నాయని తెలిసింది.

దాచిన సెల్లు ఎందుకు చస్తుంది?

(ఇక్కడ సెల్లంటే ఫోను కాదని మిత్రులకు మనవి.)

టార్చిలో వేసే మామూలు సెల్లును మన పాఠ్యపుస్తకాల్లో అనార్ద్ర ఘటం అంటారు. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జ్ లెక్లాంచి తయారు చేసిన ఘటానికి ఇది వారసురాలు. ఆయన ఘటంలో ద్రావణం సీసాలో ఉండేది. అది ఒలికిపోకుండా ముద్దలా చేసి జింకు డబ్బాలో పెట్టిన తరువాతే చేత్తో పట్టుకు తిరిగే లైటు సాధ్యమయింది. చేతి టార్చికి 1899లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. ఆనాటి సెల్లులు ఎక్కువసేపు కరెంటు ఇవ్వలేక, తళుక్కుమని వెలిగి మందగించేవి. ఇంగ్లీషులో దానికి ఫ్లాష్‌లైట్ అనే పేరు అలా వచ్చిందే. మన రాష్ట్రంలో నెల్లూరులో తయారయిన నిప్పో సెల్లులు, ఎర్రని ఎవరెడీ సెల్లులు తెలియని పల్లెటూరు ఉండదు.

ఈ సెల్లులో పైకి కనబడే జింకు డబ్బాయే ఋణధ్రువం. మధ్యనున్న కార్బన్ కడ్డీ ధనధ్రువానికి దారి. దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ పొడి. మనం లైటు వేసినప్పుడల్లా జింకు కరుగుతుంది. అంటే సెల్లు తన గోడను తానే తింటూ మనకు వెలుగు ఇస్తుందన్న మాట. లైటు వెయ్యకపోయినా ఈ తిండి పూర్తిగా ఆగదు, చాలా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. వేడి ఎక్కువైన కొద్దీ వేగం పెరుగుతుంది. రేకుల కప్పు కింద, పొయ్యి మీది అటక మీద పెట్టిన సెల్లు తొందరగా చచ్చేది అందుకే. గోడ చిల్లు పడిన రోజున లోపలి ముద్ద బయటికి కారి స్ప్రింగునీ స్విచ్చునీ తినేస్తుంది. బీరువాలోని కొత్త టార్చికి జరిగింది ఇదే. అల్కలైన్ సెల్లులు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి కాని వాటికీ కారే గుణం ఉంది.

ఇంకో సంగతి. రెండు సెల్లులంటే మూడు వోల్టులు కదా, ఆ టార్చి బల్బు మీద 2.5 వోల్టులని ఎందుకు రాసి ఉంటుంది? మూడు సెల్లుల టార్చికి 4.5 బదులు 3.8 ఎందుకు? జవాబు, సెల్లు అంతర్నిరోధం. కరెంటు తీస్తున్నప్పుడు కొంత వోల్టేజి సెల్లు లోపలే ఖర్చయిపోతుంది. సెల్లు ముసలిదవుతున్న కొద్దీ ఈ అంతర్నిరోధం పెరుగుతుంది. అందుకే పాత సెల్లును వోల్ట్‌మీటరుతో చూస్తే బాగానే కనిపించి, టార్చిలో వేస్తే బల్బు ఎర్రగా మినుకుమంటుంది. సెల్లు బాగోగులు పని చేయించి చూడాలి గాని ఊరికే చూసి చెప్పకూడదు.

పాత సెల్లుతో కొత్త సెల్లు కలిపి వెయ్యడం మన ఇళ్ళలో మామూలు. "ఒకటి మారిస్తే చాల్లే" అంటారు. ముసలి ఎద్దుకు కోడెను జతకట్టి దున్నినట్టే ఇది. శ్రేణిలో ఉన్న సెల్లులన్నిటి గుండా ఒకే కరెంటు పోవాలి. కొత్తవి తోసే కరెంటును చచ్చిన సెల్లు గుండా బలవంతంగా పంపితే ఆ సెల్లు ధ్రువాలే తారుమారు కావచ్చు, దాని డబ్బా చిల్లు పడి కారుతుంది. కాబట్టి మారిస్తే అన్నీ మార్చాలి, అన్నీ ఒకే రకం ఉండాలి.

అయిపోయిన సెల్లులను ఎండలో పెట్టడం చూడని వాళ్ళు మనలో లేరు. మా అమ్మ ఇప్పటికీ పెడుతుంది. కొంచెం వెలుగు వస్తుంది కూడా. వేడికి రసాయన చర్య వేగం పెరుగుతుంది, విశ్రాంతి దొరికి లోపలి పదార్థాలు సర్దుకుంటాయి. కాని కరిగిన జింకు తిరిగి రాదు. అది చార్జి కాదు, చివరి చుక్క పిండుకోవడం. తుఫాను రాత్రి దాన్ని నమ్ముకోకూడదు.

చార్జింగ్ లైటు, ఎల్.ఇ.డి., ఫోను

ఇక ఆ మొదటి లైటు సంగతి. చవకరకం చార్జింగ్ లైట్లలో చాలావాటిలో చిన్న లెడ్-ఆసిడ్ బ్యాటరీ ఉంటుంది. ట్రాక్టరు బ్యాటరీకి పిల్లదన్న మాట. దాన్ని వాడేసి చార్జి చెయ్యకుండా మూల పడేస్తే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడిపోతుంది. మళ్ళీ ఎంత చార్జి పెట్టినా పట్టదు. ప్లగ్గులో పెడితే చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది, మనం నిండిపోయిందనుకుంటాం. పాడి ఆవును ఏడాదికోసారి పిదికితే పాలిస్తుందా? ఈ లైటుకు నెలకోసారి మేత పెట్టాలి, పని చేయించాలి.

ఎల్.ఇ.డి. రావడం మాత్రం మన అదృష్టం. తెల్లని వెలుగిచ్చే ఎల్.ఇ.డి.కి మూలం నీలి ఎల్.ఇ.డి. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో, అంటే హుద్‌హుద్ వచ్చిన ఏడాదే, ఫిజిక్సులో నోబెల్ బహుమతి ప్రకటించారు. పాత బల్బు తీగ తీసుకునే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి. అంత వెలుగునూ అందులో కొద్ది భాగంతోనే ఇస్తుంది. అంటే అవే సెల్లులతో ఒక రాత్రికి బదులు ఎన్నో రాత్రులు గడుస్తాయి.

ఫోనులో టార్చి ఉంది కదా అని కొందరు మిత్రులు అంటారు. ఉంది. కాని తుఫాను వేళ ఫోను చేసే పని ఇంకొకటి, అది మాట. మాట కోసం దాచవలసిన శక్తిని వెలుగుకు ఖర్చు పెట్టకూడదు. ఒక చిన్న లెక్క చూద్దాం. 10,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు అంటే, లోపలి సెల్లు 3.7 వోల్టులు కాబట్టి, 37 వాట్-అవర్ల శక్తి. 5,000 మిల్లీ ఆంపియర్-అవర్ల ఫోనుకు సుమారు 19 కావాలి. పైకి రెండుసార్లు నిండాలి గాని మధ్యలో పోయే నష్టాలు తీసేస్తే ఒకటిన్నర సార్లు నిండుతుంది. అదే శక్తితో ఒక వాట్ ఎల్.ఇ.డి. దీపం ముప్ఫై గంటలు వెలుగుతుంది. ఏది ఎందుకు వాడాలో ఈ లెక్క చూసి ఇంట్లో ముందే అనుకోవాలి.

రైతు ఇళ్ళలో ఇంకో పెద్ద నిధి ఉంది, ట్రాక్టరు బ్యాటరీ. 12 వోల్టులు, 75 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనుకుంటే 900 వాట్-అవర్లు. పవర్ బ్యాంకులు ఇరవై నాలుగింటి పెట్టు! సగానికి మించి వాడకుండా, మళ్ళీ ఇంజను స్టార్టు కావడానికి ఉంచుకుంటే వీధి అంతటి ఫోన్లనూ నిలబెట్టవచ్చు. దానికి కావలసింది కారులో వాడే చిన్న యు.ఎస్.బి. చార్జరు, ఫ్యూజు ఉన్న తీగ. అవి తుఫాను ముందు రోజు టౌనులో వెతికితే దొరకవు.

టవర్లకు కూడా కరెంటు కావాలి. వాటి బ్యాటరీలూ డీజిలూ అయిపోతే చేతిలో ఫోను నిండుగా ఉన్నా మాట పోదు. అప్పుడు వార్త తెచ్చేది చిన్న ట్రాన్సిస్టర్ రేడియో. 1963లో మొదలైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మన జిల్లాల ఇళ్ళకు పాత చుట్టం. రెండు సెల్లులతో రేడియో చాలా రోజులు పాడుతుంది.

పెట్టె సర్దే పద్ధతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇందులో కొనవలసింది తక్కువ, సర్దవలసింది ఎక్కువ.

మొదట ఇంట్లో ఉన్న టార్చిలు, రేడియో, గోడ గడియారం, రిమోటు అన్నీ ఒకచోట పోసి, దేనికి ఏ సైజు సెల్లు కావాలో చూడాలి. ఒకదానికి లావు సెల్లు, ఒకదానికి పెన్సిల్ సెల్లు, ఒకదానికి బొత్తం సెల్లు ఉంటే అవసరానికి ఒకటి తీసి ఇంకొకదానిలో వెయ్యలేం. కొత్తది కొనేటప్పుడు ఉన్నవాటితో సైజు కలిసేది కొనాలి. రేడియో, టార్చి, గడియారం మూడూ పెన్సిల్ సెల్లుల మీద నడిస్తే ఇంట్లో ఎక్కడ సెల్లున్నా అది అందరిదీ అవుతుంది.

రెండోది, స్పేర్ సెల్లులను టార్చిలో వేసి ఉంచకూడదు. విడిగా, మూత బిగువుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, కొన్న నెలా సంవత్సరం కాగితం మీద రాసి అంటించి పెట్టాలి. సెల్లుల కొసలు ఒకదానికొకటి గాని, మేకులకీ తాళాలకీ గాని తగలకుండా కాగితం చుట్టాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గాదెలో పాత ధాన్యం ముందు, కొత్త ధాన్యం తరువాత తీస్తాం కదా! సెల్లులకీ అదే న్యాయం. గడియారానికి కావలసినప్పుడు కొత్త సెల్లు కొని డబ్బాలో పెట్టి, డబ్బాలోని పాత సెల్లు గడియారంలో వెయ్యాలి. అప్పుడు డబ్బాలో ఎప్పుడూ తాజా సరుకే ఉంటుంది, ఒక్క సెల్లూ వృథా కాదు. తాత చెప్పిన "రోజూ ఏసుకున్నదే ఎలుగుతాది" అన్న మాటకు ఇదే ఆచరణ. ఆపదకి వేరే లైటు, నిత్యానికి వేరే లైటు అని విడదీస్తే ఆపద లైటు చస్తుంది. రోజూ పెరట్లోకి తీసుకెళ్ళే లైటే ఆపదకీ పనికి రావాలి.

నాలుగోది, స్పేరు సామాను. పాత రకం టార్చి అయితే దానికి తగిన బల్బు ఒకటి. 2.5 వోల్టుల బల్బు మూడు సెల్లుల టార్చిలో వేస్తే ఠప్పున పోతుంది, 3.8 బల్బు రెండు సెల్లులకి గుడ్డిగా వెలుగుతుంది. కొన్ని టార్చిల వెనక మూతలో స్పేర్ బల్బుకి చోటు ఉంటుంది, చూసుకోండి. ఇంకా ఒక స్ప్రింగు, మూత వాషరు, గరుకు కాగితం ముక్క, మూరెడు రాగి తీగ, ఇన్సులేషన్ టేపు, చిన్న స్క్రూ డ్రైవరు, ఫ్యూజు తీగ, ఫోను చార్జింగ్ కేబులు. ఇదంతా ఒక స్వీటు డబ్బాలో పడుతుంది.

అయిదోది, చోటు. డబ్బా ఎక్కడుందో ఇంట్లో చిన్నపిల్లలకీ తెలియాలి, కళ్ళు మూసుకుని వెళ్ళినా చేతికి తగలాలి. గుమ్మం పక్క గూడు మంచిది. టార్చి వెతకడానికి టార్చి కావలసి వస్తే ఇక దాని ప్రయోజనమేమిటి? బొత్తం సెల్లులు మాత్రం పిల్లల చేతికి అందకూడదు. మింగితే గొంతు కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

చివరిది, తేదీ. బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు కాలాలు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి. మన పంచాంగంలో వాటికి ముందు రెండు పండగలున్నాయి, ఉగాది, వినాయక చవితి. ఇల్లు దులిపే ఆ రెండు రోజుల్లో డబ్బా కూడా విప్పి, ప్రతి లైటునూ ఒక పావుగంట వెలిగించి చూస్తే చాలు. స్విచ్చు వేసి వెంటనే ఆర్పితే నిజం తెలియదు. ముసలి సెల్లు బయటపడేది ఆ పావుగంటలోనే.

వెలగకపోతే

వెలగని టార్చిని కొట్టడం, ఊపడం మానేసి వరసగా చూడాలి. సెల్లులు సరైన దిక్కున ఉన్నాయా? కొసల మీద తెల్లని లేక పచ్చని పొడి ఉందా? స్ప్రింగు తన్నుతోందా? స్విచ్చు రేకు తగులుతోందా? బల్బు బిగువుగా ఉందా? ఒక సెల్లు, ఒక రాగి తీగ తీసుకుని బల్బుకు నేరుగా తగిలిస్తే పాత బల్బు మంచిదో కాదో తేలిపోతుంది. ఎల్.ఇ.డి.కి మాత్రం ఒక సెల్లు చాలదు, సుమారు మూడు వోల్టులు కావాలి, దిక్కు కూడా సరిగ్గా ఉండాలి.

కారిన సెల్లును ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. మామూలు సెల్లు నుంచి కారేది ఆమ్ల గుణం కలది, వంటసోడా కలిపిన తడిగుడ్డతో తుడవాలి. అల్కలైన్ సెల్లుది క్షారం, దానికి నిమ్మరసం. ఆమ్ల క్షారాల పాఠం వంటింట్లోనే ఉంది! తరువాత ఆరబెట్టి గరుకు కాగితంతో రుద్దితే సగం చచ్చిన టార్చిలు లేచి కూర్చుంటాయి. అయిపోయిన సెల్లులను పొయ్యిలో గాని చెరువులో గాని వెయ్యకూడదు.

విద్యార్థి సంఘానికి ఒక మనవి

మన హాస్టల్లో గదికి నాలుగు ఫోన్లున్నాయి. హాస్టల్ మొత్తానికి కరెంటు లేకుండా వెలిగే ఒక మంచి లైటు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మన సంఘం ఈ ఏడాది ప్రతి బ్లాకుకూ ఒక పెట్టె పెట్టి, దాని బాధ్యత ఒక విద్యార్థికి, మరుసటి సంవత్సరం ఇంకొకరికి అప్పగించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. పెట్టె ఎప్పుడు విప్పి చూశారో తేదీ వేసి మూత మీద రాయాలి.

ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పల్లెలకు వెళ్తున్నాం, రోడ్లు ఊడుస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. చాలా మంచిది. వినాయక చవితి ముందు ఒక ఆదివారం గరుకు కాగితం, నాలుగు బల్బులు, కాసిన్ని సెల్లులు పట్టుకుని ఒక ఊరికి వెళ్దాం. ఇంటింటా మూలపడిన టార్చిలు తెప్పించి బాగు చేసి ఇద్దాం. ఓమ్స్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్న మనకి ఇది పెద్ద పని కాదు. ఉద్దానంలో ఎలుగుబంట్లు, కురుపాం, సీతంపేట వైపు ఏనుగులు, అన్ని చోట్లా పాములు. తుఫాను లేని రాత్రి కూడా పల్లెలో ఆ లైటుకు పని ఉంటుంది.

తుఫానును ఆపడం మన చేతిలో లేదు. వాతావరణ శాఖ వాళ్ళు రోజుల ముందే చెబుతున్నారు, అది ఈనాటి విజ్ఞానం మనకిచ్చిన వరం. ఆ హెచ్చరిక విన్న సాయంత్రం అంగడికి పరుగెత్తేవాడికి దొరికేది ఖాళీ అల్మారా. పండగనాడే డబ్బా చూసుకున్నవాడు ఆ సాయంత్రం పశువుల తాళ్ళు విప్పుకోవచ్చు, ముసలివాళ్ళను పక్కా ఇంటికి చేర్చుకోవచ్చు. ఈ రెండింటికీ ఆ సాయంత్రం తీరిక కావాలి. పెట్టె ముందే సర్దుకునేది ఆ తీరిక కోసమే.